రాయి దించితే చేప నిలుస్తుందా? కృత్రిమ రీఫులపై గంజాం తీరం పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశా గంజాం జిల్లాలో గోపాలపూర్ నుంచి సోనపురం దాకా ఉన్న మన పల్లెల నుంచి, బరంపురం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. సముద్రం అడుగున కాంక్రీటు రాళ్లు దించి చేపలకు గూడు, అంటే కృత్రిమ రీఫు, కట్టించవచ్చా, ఊరివాళ్లే చేసుకోవచ్చా అని. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

అయ్యా, మా ఊరి ముందు గేలానికి పడే చేప ఏడాదికేడాది తగ్గిపోతోంది. కుర్రాళ్లు చందాలేసుకుని పాత లారీ టైర్లు, పగిలిన ఫైబర్ బోట్లు, కూల్చిన ఇళ్ల సిమెంటు ముక్కలు సముద్రంలో పడేద్దామంటున్నారు. రీఫంటే అదేగా?
*– మత్స్యకారుడు, రామయపట్నం*

కాదు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ వేయకండి.

ముందు టైర్ల సంగతి. 1972లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో, ఫోర్ట్ లాడర్‌డేల్ ఊరి ముందు, దాదాపు 20 లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో దించారు. చేపలు పెరుగుతాయనే ఆశతోనే. కట్టిన నైలాన్ తాళ్లు, ఇనుప బిగింపులు కొన్నేళ్లకే తెగాయి, తుప్పుపట్టాయి. టైర్లు విడివిడిగా దొర్లుకుంటూ పోయి పక్కనున్న సహజమైన పగడపు రాళ్లకు రాసుకుని వాటినీ పాడుచేశాయి. దశాబ్దాల తర్వాత గజ ఈతగాళ్లను పెట్టి ఒక్కొక్కటే పైకి తీయాల్సి వచ్చింది. కారణం తెలిస్తే మీ కుర్రాళ్లే వద్దంటారు. ఒడ్డున 50 కిలోలు తూగే లారీ టైరు ఉప్పునీళ్లలో ఏడెనిమిది కిలోలే తూగుతుంది. రబ్బరు బరువు నీటి బరువుకు కాస్త ఎక్కువ, అంతే. మామూలు కెరటమే దాన్ని కదిలిస్తుంది, తుఫాను కెరటమైతే ఒడ్డుకే తెచ్చి పడేస్తుంది. అడుగున రాసుకుంటూ దొర్లే వస్తువు మీద గుల్ల పట్టదు, నాచు పట్టదు. అవి పట్టనిచోట చేపకు తిండి లేదు.

ఫైబర్ బోటు గోడల మధ్య నురగ నింపి ఉంటుంది, అది తేలుతుంది. నురగ తీసేసి ముంచినా పెచ్చులు పెచ్చులుగా విడిపోయి గాజు పీచు నీళ్లలో కలుస్తుంది. కూల్చిన ఇళ్ల ముక్కల్లో రంగులు, రేకు ముక్కలు, ఇటుక పొడి ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. వాటికి చిక్కిన వల ఇక పైకి రాదు. అక్కడే ఉండి చేపల్ని, తాబేళ్లను ఏళ్ల తరబడి చంపుతుంది.

కొబ్బరి మట్టలు, తాటాకు కట్టి ఇసుక బస్తాలతో దించడం తమిళనాడు వైపు పాత అలవాటు. తప్పేం లేదు. కానీ కొన్ని నెలలకే కుళ్లిపోతుంది. అది చేపను ఒకచోటికి పోగుచేస్తుందే గాని పెంచదు.

ఇంతకీ రాయి ఎందుకు కావాలంటే, మన తీరం ముందు అడుగంతా ఎక్కువగా ఇసుక. ఇసుక ఎప్పుడూ కదులుతుంటుంది, దాని మీద ఏదీ అంటుకుని బతకలేదు. పడవ అడుక్కి పట్టే గుల్లలు, ఆల్చిప్పలు, నాచు, స్పంజి ఇవన్నీ గట్టిగా, దొర్లకుండా ఉన్న చోటునే పడతాయి. వాటిని తినే చిన్న పురుగులు, పీతలు, వాటికోసం చిన్న చేప, దానికోసం పెద్ద చేప వరుసగా వస్తాయి. పిల్ల చేపకు దాక్కునే కన్నం దొరుకుతుంది. కండవాయిలు (కటిల్‌ఫిష్) గుడ్లు అంటించడానికి గట్టి చోటు వెతుక్కుంటాయి. రీఫు చేసే పని ఇదే.

ఎక్కడ వేయాలి? ఎంత లోతులో? మా దగ్గర పెద్ద యంత్రాలేవీ లేవు.
*– ఫైబర్ బోటు సరంగు, సోనపురం*

చోటు చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. తాతల నాటి గుండుతాడు, ఒక జీపీఎస్ చాలు.

లోతు 15 నుంచి 20 మీటర్లు, అంటే ఎనిమిది నుంచి పదకొండు బారలు. అంతకన్నా తక్కువైతే తుఫాను కెరటం అడుగుదాకా తాకుతుంది. మరీ ఎక్కువైతే ఈతగాడు దిగి చూడటం కష్టం, చిన్న బోట్లు పోయి రావడానికి చమురు ఖర్చూ ఎక్కువ.

అడుగు ఎలా ఉందో ఇలా చూడండి. మూడు నాలుగు కిలోల సీసపు గుండు అడుగున గుంట చేసి అందులో గట్టి గ్రీజు నింపండి. గుండును అడుక్కి తగిలేదాకా వదిలి, ఒకసారి ఎత్తి కొట్టి, పైకి లాగి తిప్పి చూడండి. గ్రీజుకు ముతక ఇసుక, గవ్వ ముక్కలు అంటితే మంచి చోటు. సన్నని బూడిదరంగు బురద అంటితే రాయి దిగబడుతుంది, వదిలేయండి. ఏమీ అంటకుండా గ్రీజు మీద నొక్కు మాత్రం పడితే కింద రాయి ఉన్నట్టు. అక్కడ ఇప్పటికే సహజమైన గూడు ఉంది కాబట్టి దాని మీద కాంక్రీటు వేసి పాడుచేయకూడదు. కనీసం అర కిలోమీటరు దూరం జరగండి. 200 మీటర్ల చదరంలో 25 చోట్లయినా ఇలా గుండు వేసి ప్రతిదానికీ జీపీఎస్ అంకె, లోతు, అంటిన ఇసుక రంగు పుస్తకంలో రాసుకోండి. చివరగా శిక్షణ ఉన్న ఈతగాడు దిగి చేతి చువ్వ ఒకటి ఇసుకలో గుచ్చి చూడాలి. సులువుగా ముప్పై సెంటీమీటర్లకు మించి దిగిపోతే ఆ చోటు వద్దు.

ఋషికుల్య, బహుదా ముఖద్వారాల ముందు వేయకండి. వానాకాలం వరదకు ఒండ్రు వచ్చి రీఫును కప్పేస్తుంది. ఓడలు వచ్చిపోయే దారి, లంగరు వేసే చోటు తప్పించండి. గోళబంద దగ్గర సైన్యం కాల్పుల సాధన చేసే సముద్ర భాగం కూడా తప్పించాలి. అక్కడ కాల్పుల రోజుల్లో పడవలు వెళ్లనివ్వరు, రీఫు ఉండీ లాభం లేదు.

ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపే పెట్టుకోవడం మేలని మా గట్టి అభిప్రాయం. ఒడిశా సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1982లోది. దాని కింద ఆ 5 కిలోమీటర్లు సంప్రదాయ పడవలకు కేటాయించారు. ట్రాల్ వల లాగే మరబోటు అక్కడికి రాకూడదు. వచ్చినా కాంక్రీటుకు వల చిరుగుతుందన్న భయం ఉంటుంది. కాపలా కోసం వేరే ఖర్చు పెట్టనక్కర్లేదు.

నేను తాపీమేస్త్రీని. ఈ దిమ్మెలు ఎలా పోయాలి? ఇంటి స్లాబు కలిపినట్టు కలిపితే సరిపోదా?
*– బరంపురం*

సరిపోదు, మేస్త్రీ గారూ. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ త్రికోణపు దిమ్మెలు, బావి ఒరల దిమ్మెలు, గ్రూపర్ అనే రాతి చేపల కోసం గదుల్లాంటి దిమ్మెలు రూపొందించింది. మూడూ కలిపి వేస్తే రకరకాల చేపలకు పనికొస్తాయి. ఊరి స్థాయిలో మొదలుపెట్టేవాళ్లకు బావి ఒర సులువు, ఎందుకంటే అచ్చులు బరంపురంలో ఎక్కడైనా దొరుకుతాయి. కానీ మామూలు బావి ఒర యథాతథంగా పనికిరాదు. గోడ పలచగా ఉంటుంది, కింద పీఠం ఉండదు.

కొలతలు ఇవి. బయటి వ్యాసం 1 మీటరు, గోడ మందం 11 సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు. కింద 1.2 మీటర్ల చదరం, 12 సెంటీమీటర్ల మందం ఉన్న పలక, ఒరతో కలిపి ఒకే రోజు పోయాలి. గోడకు 15 సెంటీమీటర్ల వ్యాసం కన్నాలు ఆరు, మూడేసి చొప్పున రెండు వరుసలు. కింది వరుస కన్నాల మధ్యభాగం పలక నుంచి 20 సెంటీమీటర్లు పైన ఉండాలి. మొదటి వానాకాలంలోనే దిమ్మె చుట్టూ ఇసుక తొలిచి పీఠం కొంత దిగుతుంది, కన్నాలు మరీ కిందికుంటే పూడిపోతాయి. కన్నాలకు వాడే పైపు ముక్కల్ని మర్నాడే ఊడబెరకండి, ప్లాస్టిక్కు లోపల ఉండిపోకూడదు.

ఒక దిమ్మెకు కాంక్రీటు 0.346 ఘనపు మీటర్లు, బరువు 830 కిలోలు. ఉప్పునీళ్లలో అదే 475 కిలోలు. సిమెంటు రెండున్నర బస్తాల పైచిలుకు, అంటే 130 కిలోలు. చువ్వ 8 మిల్లీమీటర్లది 12 కిలోలు: గోడలో అడ్డంగా మూడు కట్లు, నిలువుగా ఎనిమిది, నిలువు చువ్వల కొస వంచి పలకలోకి, పలకలో రెండు వైపులా ఆరేసి. అరవై దిమ్మెలకు సిమెంటు 156 బస్తాలు, చువ్వ 720 కిలోలు, ఇసుక 14 టన్నులు, కంకర 24 టన్నులు. దీని ప్రకారం బేరం మాట్లాడుకోండి.

పూర్తిగా ఉప్పునీళ్లలో మునిగి ఉండే ఇనుప కాంక్రీటుకు బలం ఎం30 తరగతి కన్నా తక్కువ ఉండకూడదు, ఘనపు మీటరుకు సిమెంటు 320 కిలోలకు తగ్గకూడదు, చువ్వ మీద కాంక్రీటు పూత 45 మిల్లీమీటర్లు ఉండాలి, నీరు సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. కాంక్రీటుకు దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెప్పేది ఇదే. మనం పైన 375 కిలోల చొప్పున లెక్కేశాం. బస్తా సిమెంటుకు ఇసుక 90 కిలోలు, 20, 10 మిల్లీమీటర్ల కంకర కలిపి 155 కిలోలు, నీళ్లు 22 లీటర్లు దగ్గర మొదలుపెట్టి, ఆరు ఘనాలు పోసి ఏదైనా ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో నలగ్గొట్టించి చూసుకోండి. 22 లీటర్లంటే తడి ఇసుకలో ఉన్న నీటితో కలిపి. పని జారుగా సాగాలని కూలీ అదనంగా రెండు మగ్గులు పోస్తాడు, దిమ్మె అక్కడే చెడిపోతుంది. కొలిచిన బకెట్టు తప్ప ఇంకో పాత్ర మిక్సరు దగ్గర ఉంచకండి.

సిమెంటు స్లాగు రకం తీసుకోండి. ఉప్పు లోపలికి చొరకుండా అదే బాగా ఆపుతుంది. ఇసుక ఏటిది, సముద్రం ఒడ్డుది కాదు. కలపడానికీ తడపడానికీ మంచినీళ్లే వాడాలి. ఒడ్డున పని కాబట్టి సముద్రపు నీళ్లు చేతికి అందుతుంటాయి. ఆ ఉప్పు చువ్వను లోపలి నుంచి తింటుంది, నాలుగైదేళ్లకు కాంక్రీటు పగిలి చువ్వ బయటపడుతుంది. గోనెపట్టాలు కప్పి 14 రోజులు తడపండి. 28 రోజులు నిండకుండా సముద్రంలోకి దించకండి.

పైభాగం గరుకుగా వదిలేయండి, నున్నగా పూత పెట్టకండి. ఇల్లు కట్టే మేస్త్రీకి ఇది మనసొప్పదు గాని, గుల్ల పిల్ల పట్టుకునేది గరుకునే.

తుఫాను వస్తే ఇవి నిలుస్తాయా? ఫైలిన్ చూసిన ఊరు మాది.
*– కళాశాల విద్యార్థి, గోపాలపూర్*

ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు దక్షిణాన దాటింది. అలాంటిది మళ్లీ వస్తుందనుకునే లెక్క వేయాలి.

6 మీటర్ల ఎత్తు, 12 సెకన్ల విరామం ఉన్న కెరటాన్ని తీసుకుందాం. దాని కింద సముద్రపు అడుగున నీరు ముందుకీ వెనక్కీ ఊగే వేగం 8 మీటర్ల లోతులో సెకనుకు 3 మీటర్లు, 15 మీటర్ల లోతులో 2, 20 మీటర్ల లోతులో 1.7. నీటి తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 15 నుంచి 20 మీటర్లకు వెళ్తేనే తోపుడు మూడో వంతు తగ్గిపోతుంది. 15 మీటర్ల లోతులో పైన చెప్పిన ఒర మీద పడే తోపుడు దాదాపు 135 కిలోలు. పీఠం లేని ఒర నీళ్లలో 238 కిలోలే, ఇసుక మీద దాని పట్టు అందులో సగం, అంటే 119. జారిపోతుంది! పీఠంతో కలిపి 475 కిలోలు, పట్టు 237. నిలుస్తుంది. ఆ పలక కోసం మనం ఒకటింపావు బస్తా సిమెంటు అదనంగా పెట్టించింది ఇందుకే.

ఇది స్థూలమైన లెక్క. నీరు దిశ మారేటప్పుడు వచ్చే కుదుపు, పైకెత్తే బలం ఇందులో లేవు. అందుకే వీలైతే 18 మీటర్లకు తగ్గకండి. తాళ్లతో దిమ్మెల్ని ఒకదానికొకటి కట్టకండి. ఒకటి కదిలితే మిగతావాటినీ లాగుతుంది, తెగిన తాడు తాబేలు మెడకు చుట్టుకుంటుంది.

సముద్రంలోకి ఎలా దించాలి? మా ఫైబర్ బోటు మీద పెట్టుకుని పోవచ్చా?
*– మత్స్యకారుల సంఘం సభ్యుడు, ఆర్జిపల్లి*

పోకూడదు. ఫైబర్ బోటు టన్ను చేపను మోస్తుంది నిజమే, కానీ ఆ బరువు అడుగంతా పరుచుకుని ఉంటుంది. 830 కిలోల ముద్దను అంచు మీదికి తెచ్చి బయటికి తోసే క్షణంలో బోటు అటు ఒరిగి బోల్తా కొడుతుంది. మన కెరటాల్లో ఒడ్డు దాటించడమే గండం. క్రేను ఉన్న పంటు అద్దెకు తీసుకుని, జెట్టీ దగ్గర దిమ్మెలు ఎక్కించి, మీ బోట్లు పక్కన నడవడం ఒక్కటే క్షేమమైన దారి. క్రేను ఎత్తే సామర్థ్యం మూడు టన్నులకు తగ్గకూడదు, పంటు ఊగినప్పుడు బరువు రెట్టింపైనట్టు లాగుతుంది.

సముద్రం ప్రశాంతంగా ఉండే జనవరి నుంచి మార్చి మధ్య, తెల్లవారుజామున, అర మీటరుకు మించి కెరటం లేని రోజు చూడండి. పంటుకు ముందూ వెనకా రెండు లంగర్లు వేయాలి. ఫిబ్రవరి తర్వాత మన తీరం వెంబడి నీరు ఉత్తరానికి లాగుతుంది. ఒక్క లంగరు మీద ఉంటే పంటు తిరుగుతూ దిమ్మెలు ఎక్కడెక్కడో పడతాయి.

దిమ్మెను పైనుంచి వదిలేయకూడదు. వదిలేస్తే తలకిందులవుతుంది, లేదా ముందు పడినదాని మీద పడి పగులుతుంది. 24 మిల్లీమీటర్ల నైలాన్ తాడును పై వరుస కన్నాల గుండా దూర్చి రెండు కొసలూ పైనే ఉంచుకోండి. 20 మీటర్ల లోతుకు తాడు 50 మీటర్లయినా కావాలి. తాడుకు బార బారకూ రంగు గుడ్డ కట్టి, సరంగు లెక్కపెడుతూ నెమ్మదిగా దింపించాలి. తాడు వదులైందంటే అడుగు తాకినట్టే. ఒక కొస వదిలేసి రెండోది లాగితే తాడంతా కన్నం గుండా జారి పైకొచ్చేస్తుంది. వదిలే కొసకు ముడి ఉండకూడదు, అది కన్నంలో ఇరుక్కుంటే తాడు కోసి అడుగున వదిలేయాల్సి వస్తుంది. కన్నం అంచుల్ని పోసేటప్పుడే గుండ్రంగా చేస్తే తాడు కోసుకోదు.

అరవై దిమ్మెలైతే పదేసి చొప్పున ఆరు గుంపులు చేయండి. గుంపులో దిమ్మెకూ దిమ్మెకూ ఒకటి రెండు మీటర్లు, గుంపుకూ గుంపుకూ 30 నుంచి 50 మీటర్లు. అన్నీ ఒకే కుప్పగా పోస్తే మధ్యలోవాటికి నీరాడదు, గుల్ల పట్టదు. ఒర మీద ఒర పేర్చకండి. లోతైన గొట్టంలా తయారై తాబేలు తలదూర్చితే వెనక్కి రాలేదు.

తాబేళ్ల కాలంలో మాకు వేట ఆపుతున్నారు. ఈ రీఫుకు అటవీ శాఖ ఒప్పుకుంటుందా?
*– గంజాం*

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. మీరు ఆ పరిధిలో ఉన్నారు కాబట్టి ఏడు నెలలు వేటాడలేని చోట రీఫు వేసుకోవడం మీకూ లాభం కాదు, తాబేళ్లకూ మేలు కాదు. రీఫు చుట్టూ వలలు పోగవుతాయి. నిషేధిత పరిధికి దక్షిణాన ఉన్న ఊళ్లతో కలిసి అక్కడ వేసుకోవడం మంచిది.

అనుమతుల విషయానికొస్తే, ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా నీళ్లు తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల కిందికి వస్తాయి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టండి. అటవీ శాఖ, రేవు అధికారులు, తీర రక్షక దళం అభిప్రాయం వాళ్లే అడుగుతారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో కృత్రిమ రీఫులకు నిధులిచ్చారు, ఇప్పుడు ఉన్నాయేమో అడగండి. సాంకేతిక సలహాకు విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మన భాషలోనే మాట్లాడవచ్చు. దించాక జీపీఎస్ అంకెలు మత్స్యశాఖకు ఇచ్చి, డెహ్రాడూన్‌లోని జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానికి పంపమని అడగండి. సముద్ర పటాల్లో ఆ చోటు నమోదు కావాలి.

నేను బుట్ట ఎత్తుకుని చేపలమ్మేదాన్ని. రీఫు వస్తే చేప పెరుగుతుందంటున్నారు. పెరిగిన చేప నేరుగా వ్యాపారి లారీ ఎక్కితే మాకేం ఒరుగుతుంది? అసలు ఆ రీఫు ఎవరిది?
*– రామయపట్నం*

అమ్మా, వచ్చిన ఉత్తరాలన్నిట్లో అసలైన ప్రశ్న మీది. కాంక్రీటు ఎవరైనా పోయగలరు. ఈ ప్రశ్నకు జవాబు రాసుకోకుండా దించిన రీఫు ఊరిని ముంచుతుంది.

ఎందుకో చెబుతాం. రీఫు రెండు పనులు చేస్తుంది. చుట్టుపక్కల చెదిరి ఉన్న చేపను ఒకచోటికి పోగుచేయడం మొదటిది, అది వారాల్లోనే జరుగుతుంది. కొత్త చేపను పెంచడం రెండోది, దానికి ఏళ్లు పడుతుంది. మొదటి వారాల్లోనే జనం వలలతో దిగితే, ఇంతకుముందు విస్తారమైన సముద్రంలో తప్పించుకున్న చేపంతా ఒకచోట దొరికిపోతుంది. ఆ సంవత్సరం పండగే. మరుసటి ఏడాది రీఫూ ఖాళీ, చుట్టుపక్కలా ఖాళీ. రింగు వల ఒక్కసారి చుట్టు తిరిగితే చాలు.

కాబట్టి ఒప్పందం ముందు, సిమెంటు తర్వాత. సముద్రం ఏ ఊరి సొత్తూ కాదు, కానీ చుట్టుపక్కల ఊళ్లు కలిసి కట్టుబాటు చేసుకోవచ్చు. అది తెలుగులోనూ ఒడియాలోనూ రాయాలి, ఒడియా మాట్లాడే పొరుగు ఊళ్ల పెద్దలూ సంతకం పెట్టాలి. వాళ్లను పిలవకుండా చేస్తే మొదటి వల వాళ్లదే పడుతుంది, వాళ్లను తప్పుపట్టడానికీ ఉండదు. కట్టుబాటులో ఉండాల్సినవి ఇవి. దించిన తర్వాత ఒక ఏడాది ఎవ్వరూ వేటాడకూడదు. ఆ తర్వాత గేలం మాత్రమే. రీఫు చుట్టూ 200 మీటర్ల లోపల ఏ వలా వేయకూడదు, మందుగుండు మాట ఎత్తకూడదు. రోజుకు ఎన్ని పడవలు, ఏ ఊరికి ఏ రోజు అన్నది వంతులు వేసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట విరామంలో సంప్రదాయ పడవలూ రీఫు జోలికి పోకుండా ఉంటే మరీ మంచిది.

చిన్న చేపను వదిలేయాలని అందరికీ తెలుసు. గ్రూపర్ విషయంలో మరీ పెద్దదాన్నీ వదలాలి. ఆ చేపల్లో చాలా రకాలు ఆడవిగా పుట్టి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. రీఫు మీది పెద్దవాటన్నిటినీ తీసేస్తే మిగిలిన ఆడవాటికి జోడీ ఉండదు.

ఇక మీ బుట్ట సంగతి. పడవవాడు వ్యాపారి దగ్గర ముందుగా డబ్బు తీసుకుని ఉంటే చేప ఎటు పోవాలో అప్పుడే తేలిపోయింది. కాబట్టి కట్టుబాటులోనే రాయించండి: రీఫు మీద పడిన చేప ఊరి ఒడ్డునే వేలం వేయాలి, అందులో ఇంత వంతు ముందు మన ఊరి అమ్మేవాళ్లకు. సంఘంలో మీవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండాలని పట్టుబట్టండి. గేలం చేప వల చేపలా నలగదు, మంచులో పెడితే ధర పలుకుతుంది. ఎక్కడ ఏ చేప ఎంతకు పోయిందో రోజూ తెలిసేది మీకే, కాబట్టి లెక్కల పుస్తకం కూడా మీ చేతిలో ఉంటేనే మంచిది.

ఏ చేపలు వస్తాయి? కవళ్లు, కానాగడతలు పెరుగుతాయా?
*– ఛత్రపురం*

పెరగవు. అవి నడి నీళ్లలో గుంపులుగా తిరిగేవి. రీఫు పక్కన కాసేపు నిలుస్తాయి, పోతాయి. ఇసుక మీద బతికే రొయ్యకూ దీనితో పని లేదు. లాభపడేవి గ్రూపర్, స్నాపర్ లాంటి రాతి చేపలు, కండవాయిలు, రాతి రొయ్యలు. వాటిని వేటాడటానికి వంజరం లాంటి పెద్ద చేప చుట్టూ తిరుగుతుంది.

పొరపాటున వల రీఫుకు చిక్కితే?
*– సోనపురం*

బోటు ఇంజనుతో లాగకండి, దిమ్మె పక్కకు పడుతుంది, వల సగం అక్కడే ఉండిపోతుంది. తాడుకు తేలే బుడ్డ కట్టి వదిలి, జీపీఎస్ అంకె రాసుకుని, అదే రోజు సంఘానికి చెప్పండి. చెప్పినవాడికి జరిమానా ఉండకూడదు, ఉంటే ఇక ఎవరూ చెప్పరు. శిక్షణ ఉన్న ఇద్దరు ఈతగాళ్లు కత్తితో దిగి కోసి పైకి తేవాలి. 18 మీటర్ల లోతులో 40 నిమిషాలకు మించి ఉండకూడదు, పైకొచ్చేటప్పుడు నిమిషానికి 9 మీటర్ల కన్నా వేగంగా రాకూడదు. గాలి కొట్టే కంప్రెసరుకు రబ్బరు గొట్టం తగిలించుకుని దిగే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇంజను పొగ అదే గొట్టంలో దూరి మనిషి నీళ్లలోనే సొమ్మసిల్లుతాడు. వల పోతే పోయింది, అలా మాత్రం ఎవర్నీ దించకండి.

రీఫు నిజంగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? అందరూ బాగుందంటారు, కానీ లెక్క కావాలి కదా.
*– ఉపాధ్యాయురాలు, బరంపురం*

రీఫు దించడానికి ఆరు నెలల ముందే లెక్క మొదలుపెట్టాలి. చాలాచోట్ల ఇదే మర్చిపోతారు. తర్వాత ఎంత రాసినా పోల్చడానికి పాత అంకె ఉండదు.

రీఫు వేయబోయే చోటు ఒకటి, దానికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో అదే లోతు, అదే ఇసుక ఉన్న మామూలు చోటు ఇంకొకటి ఎంచుకోండి. నెలకు రెండు రోజులు, రెండుచోట్లా, ఒకే సైజు గేలాలు ఇరవై, ఒకే ఎర, రెండేసి గంటలు. పుస్తకంలో తేదీ, చోటు, గేలాల సంఖ్య, గంటలు, చేప రకం, ఒక్కోదాని పొడవు, మొత్తం బరువు. బరువును గేలాలతో, గంటలతో భాగించండి. రీఫు దగ్గర ఆ అంకె పెరిగి, దూరపు చోట అంతే ఉంటే రీఫు పనిచేస్తున్నట్టు. రీఫు దగ్గర పెరిగి, దూరపు చోట పడిపోతే అక్కడి చేపే ఇక్కడికి వచ్చిందన్నమాట, అప్పుడు పడవల వంతులు తగ్గించాలి. పొడవుల వరుస కూడా చూడండి. రెండో ఏడాది వేలెడు పిల్లలు కనబడుతుంటే అవి అక్కడ పెరుగుతున్నట్టు. ఎప్పుడూ ఒకే సైజు పెద్ద చేపే పడుతుంటే పిల్లలకు దాక్కునే చోటు చాలట్లేదు. తర్వాత పోసే దిమ్మెల్లో 15 సెంటీమీటర్ల కన్నాలతో పాటు 5 సెంటీమీటర్ల కన్నాలు పదేసి పెట్టించండి.

మీ పిల్లలకు గణితం పాఠంగా ఈ పుస్తకం ఇవ్వండి. తూకం, పొడవు పిల్లలే రాస్తే పెద్దవాళ్లు అంకెలు పెంచి చెప్పడం తగ్గుతుంది.